కొండలేని సీమకు దొరికిన ఎత్తు

గుడివాడ దాటి బందరు దారి పట్టాక కంటికి అడ్డొచ్చేది ఏదీ ఉండదు. కాలవ, గట్టు మీద తాడిచెట్లు, ఆవల పొలం, ఆ పొలానికి ఆవల ఇంకో పొలం. చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ దాటి దివిసీమలో దిగినా ఇదే చదును. కొండెక్కి మన ఊరిని మనం చూసుకుందామంటే ఇక్కడ కొండ లేదు. కృష్ణమ్మ వేల ఏళ్లుగా మోసుకొచ్చి పరిచిన ఒండ్రు మీద ఎత్తు అనేదాన్ని మనుషులే కట్టుకోవాలి. కరకట్ట కట్టారు, నీళ్ల ట్యాంకు కట్టారు, సముద్రపు ఒడ్డున దీపస్తంభం కట్టారు. ఉత్త నేల మీద నిలబడ్డ మనిషి చూపు నాలుగైదు కిలోమీటర్లు పోతుంది. ఆపైన భూమి వంగి చూపును కోసేస్తుంది.

అందుకే ఇక్కడివాళ్లం తల పైకెత్తి బతుకుతాం. మబ్బు చూస్తాం, గాలి వాలు చూస్తాం, గిలకలదిండి రేవు మీద గిరికీలు కొట్టే గద్దలను చూస్తాం. ఎండలు ముదిరే వేళ కరెంటు తీగ మీది పాలపిట్ట ఉన్నట్టుండి లేస్తుంది. నిట్టనిలువుగా పోతుంది. అక్కణ్ణించి బొంగురుగా అరుచుకుంటూ, అటొకసారి ఇటొకసారి ఒరుగుతూ, దొర్లుతూ కిందికి పడుతుంది. రెక్కల నీలం భగ్గుమంటుంది. జతగత్తె కోసం అది చేసే ఆ విన్యాసాన్ని నోరు తెరుచుకుని చూస్తాం. ముందు ఏ పక్కకు ఒరిగింది, ఎంత ఎత్తున తిరగబడింది అని ఎవరైనా అడిగితే మాత్రం జవాబు దొరకదు. చూశాం, అయిపోయింది. గాలి మీద రాసిన రాతను గాలే చెరిపేసింది.

విమానం చేసే విన్యాసానిది కూడా అదే గతి. పొగ వదిలినా నిమిషం ఆగదు. నాట్యానికి గజ్జెల చప్పుడైనా చెవిలో మిగులుతుంది, దీనికి అదీ లేదు. ఎగిరినవాడికి ఒళ్లు చెబుతుంది, చూసినవాడికి మెడ నొప్పి చెబుతుంది, ఆ గీత ఎలా ఉందో మాత్రం ఇద్దరూ చెప్పలేరు. అలా చెరిగిపోయిన గీతను తిరిగి లేపి, ముందునుంచి, వెనకనుంచి, పక్కనుంచి, పైనుంచి, లోపలినుంచి చూడనిచ్చే కన్ను ఒకటి మన కాలంలో పుట్టింది. దాన్ని పొగడడానికే ఈ నాలుగు మాటలు.

మా మేనల్లుడు మోడల్ విమానాలు ఎగరేస్తాడు. మినుము తీసేశాక చేలు ఖాళీ అవుతాయి, నల్లరేగడి నెర్రెలిస్తుంది. ఎక్కడ ఎగరేయవచ్చో చూపే డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఆకుపచ్చ జోన్‌లోనే ఉందని చూసుకుని, ఒక మడి చదును చేసుకుని, పొద్దు బాగా ఎక్కకముందే దిగుతాడు. చేతిలో కంట్రోల్, రెండు స్టిక్‌లు, ఎదురుగా ఆకాశం. విమానం కడుపులో అగ్గిపెట్టెంత పరికరం ఒకటి ఉంటుంది. ఉపగ్రహాల నుంచి తానెక్కడున్నదీ తెలుసుకుంటుంది, గాలి ఒత్తిడి నుంచి ఎత్తు పసిగడుతుంది, గైరోల నుంచి ముక్కు ఎటుందో, రెక్క ఎంత వాలిందో కొలుస్తుంది. సెకనుకు పదుల సార్లు ఇవన్నీ రాసుకుంటూ పోతుంది. దిగాక ఆ రాతను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తే, ఫ్లైట్ కోచ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆ అంకెల నుంచి ఒక రిబ్బన్ అల్లుతుంది. విమానం రెక్కంత వెడల్పున ఆకాశంలో పరుచుకున్న రిబ్బన్. రెక్క పైభాగం ఒక రంగు, అడుగుభాగం ఇంకో రంగు. ఎక్కడ బోర్లా పడిందో, ఎక్కడ వెల్లకిలా తిరిగిందో రంగే చెబుతుంది.

ఆ రిబ్బన్‌ను చూడడానికి ఎక్కడ నిలబడాలన్నది మన ఇష్టం. అదే ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే వరం.

మొదటి జోత నేల మీది కంటికి.

పైలట్ ఎక్కడ నిలబడ్డాడు, ఎటు తిరిగి నిలబడ్డాడు అన్నవి సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పాలి. ఆ గుర్తు నాలుగు మీటర్లు పక్కకు పడ్డా, దిక్కు రెండు డిగ్రీలు తప్పినా తర్వాత కనిపించే బొమ్మంతా పక్కకు జరుగుతుంది. అందుకే మావాడు మడిలో ఒక మేకు పాతుకున్నాడు. అదే అతని ఆసనం. అక్కణ్ణించి దూరంగా కనిపించే ఒక తాడిచెట్టు అతని మధ్యగీత. అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య మోడల్ విమానాల విన్యాసాలకు పెట్టే ఎఫ్‌త్రీఏ పోటీలకు రాసిన నిబంధన ప్రకారం విమానం పైలట్‌కు సుమారు 150 మీటర్ల ఆవల ఎగరాలి, 175 దాటితే మార్కులు పోతాయి. ఎడమకు 60 డిగ్రీలు, కుడికి 60 డిగ్రీలు, పైకి 60 డిగ్రీలు, ఇంతే హద్దు. 150 మీటర్ల దూరాన లెక్క కడితే ఆ కనపడని గది వెడల్పు దాదాపు 520 మీటర్లు, ఎత్తు 260 మీటర్లు. మనుషులెక్కే విన్యాస విమానాలకైతే నిలువు, అడ్డం, లోతు అన్నీ వెయ్యేసి మీటర్లు. నట్టింట్లో ముగ్గేసినంత శ్రద్ధగా ఆ శూన్యంలో గీత గీయాలి.

ఓ నేల మీది కన్నా, నీవు న్యాయమూర్తివి. నీకు జాలి లేదు, పగ కూడా లేదు. గీత 15 డిగ్రీలు వంగితే పదిలో ఒక మార్కు తీసేస్తావు, 30 వంగితే రెండు. స్పెయిన్ పైలట్ ఖోసే లూయిస్ అరెస్తీ విన్యాసాలన్నిటికీ గీతల లిపి కట్టినప్పుడు ఆయన కాగితం మీదికి దించింది నీ చూపునే. నేల మీద నిలబడ్డవాడికి ఆకాశంలో ఏ ఆకారం కనపడాలో అదే ఆ లిపి. విమానంలో ఉన్నవాడికి ఏమనిపించిందన్నది నీ లెక్కలోకి రాదు. నిలువునా తిప్పే లూప్ గుండ్రంగా ఉండాలి, అంతే.

గుండ్రంగా ఉండడం ఎంత కష్టమో నీ ముందు కూచుంటేనే తెలుస్తుంది. లూప్ మొదలయ్యేటప్పుడు విమానం వేగంగా ఉంటుంది. పైకి ఎక్కేకొద్దీ బరువు దాన్ని కిందికి లాగుతుంది, వేగం చస్తుంది. స్టిక్‌ను మొదటినుంచీ ఒకేలా లాగి పట్టుకుంటే వేగం తగ్గిన చోట వంపు బిగుసుకుపోతుంది, వృత్తం నెత్తి నొక్కుకుపోతుంది. అందుకని కింద గట్టిగా లాగాలి, పైకి పోయేకొద్దీ వదలాలి, నెత్తి మీద దాదాపు తేలనివ్వాలి, మళ్లీ దిగుతూ పట్టు బిగించాలి. చెయ్యి నాలుగు రకాలుగా మారితేనే గీత ఒకే రకంగా వస్తుంది. 1913లో కీవ్‌లో ప్యోత్ర్ నెస్తెరోవ్ నిలువునా మొదటి లూప్ తిప్పినప్పుడు అది ఎంత గుండ్రంగా వచ్చిందో ఇవాళ ఎవరం చెప్పలేం. ఆయన విమానం కడుపులో ఆ పెట్టె లేదు కదా అని మావాడు ఒకసారి అన్నాడు. ఆ మాటలో నాకు గర్వం వినపడలేదు, ఆ మహానుభావుడి గీత పోయిందే అన్న దిగులు వినపడింది.

ఇక్కడే ఒక కిటుకు చెప్పాలి. నేల మీది కంటికి రెండు అలవాట్లుంటాయి. ఒకటి, విమానం ఎటు పోతే అటు తల తిప్పుతూ, అది దూరమైతే దగ్గరికి లాక్కుంటూ చూడడం. రెండోది, రెప్ప వేయకుండా, తల తిప్పకుండా, గదంతా ఒకేసారి చూడడం. మొదటిది ముచ్చటగా ఉంటుంది. విమానం ఎప్పుడూ తెర మధ్యలో, ఎప్పుడూ ఒకే సైజులో. కానీ ఆ ముచ్చటలో దూరం దాక్కుంటుంది, ఎత్తు దాక్కుంటుంది, రెండో లూప్ మొదటిదానికంటే చిన్నదైందన్న సంగతి దాక్కుంటుంది. నిజం కావాలంటే కదలని కన్నే కావాలి. కొత్తగా నేర్చేవాళ్లు వెంటతిప్పే చూపును ఇష్టపడడం సహజం. నేనైతే మొదట కదలనిదాని ముందు కూచోమనే చెబుతాను.

రెండో జోత లోపలి కంటికి. దీని గురించి ఎక్కువ చెప్పను, ఇది చూడాల్సింది. మా విమానంలో మనిషి పట్టేంత చోటు లేదు. అయినా సాఫ్ట్‌వేర్ మనల్ని ఆ ముక్కు దగ్గర కూచోబెడుతుంది. లూప్ మొదలు, నేల కిందికి జారిపోతుంది, ఆకాశం తప్ప ఏమీ ఉండదు. తర్వాత నెత్తి మీదుగా, తలకిందులుగా, దిగంతం దిగుతూ వస్తుంది. ఓ లోపలి కన్నా, వృత్తం మధ్యలో ఉన్నవాడికి వృత్తం కనపడదని నీవల్లే తెలిసింది. వాడికి కనపడేది ఒక్క గీత, నేలా నింగీ కలిసే గీత. ఆ గీత రెక్కకు సమంగా వచ్చిందా లేదా, అదొక్కటే వాడి తూకం. అందుకు మా సీమంత అనువైన చోటు నాకు తెలియదు. కొండల దేశంలో దిగంతం పళ్లు పళ్లుగా ఉంటుంది. ఇక్కడ పడమట పొలం, తూర్పున సముద్రం, రెండూ మట్టగట్టి గీసిన గీతలే. 260 మీటర్ల ఎత్తున, ఆ గది పైకప్పు దగ్గర, చూపు 57 కిలోమీటర్లకు పైనే పోతుంది. గుడివాడ పక్క చేలో లేచిన విమానానికి గాలి తేటగా ఉన్న పొద్దున బందరు సముద్రం కనపడుతుంది. కింద నిలబడి ఎగరేసే కుర్రాడికి పక్క ఊరి గుడి గోపురం కూడా కనపడదు.

వెంటాడే చూపు, విమానం తోక వెనక కట్టేసినట్టు పోయే చూపు, రోల్ కోసం పుట్టింది. నిదానంగా రోల్ తిప్పేటప్పుడు రెక్కలు ఒక కనపడని సీల చుట్టూ తిరగాలి. రెక్క నిలువైనప్పుడు ముక్కు వాలకుండా తోక మీది రడ్డర్‌తో ఎత్తి పట్టాలి. వెల్లకిలా అయినప్పుడు స్టిక్‌ను ముందుకు నెట్టాలి, లేకపోతే ముక్కు వేలాడుతుంది. తిరిగే వేగం మొదటినుంచి చివరిదాకా మారకూడదు. చేతులు రెండూ నిలవకుండా పనిచేస్తుంటాయి, విమానం మాత్రం తీరిగ్గా దొర్లినట్టు కనపడాలి. తోక వెనకనుంచి చూస్తే ఆ తిరుగుడులో తడబాటు ఎక్కడుందో రెండు రెక్కలూ చెప్పేస్తాయి. ఇంతకుమించి దాన్ని అడగకూడదు. రోల్ మధ్యలో ఎత్తు తగ్గిందా అంటే అది చెప్పదు, తానూ విమానంతోపాటే తగ్గింది కనక.

ఇప్పుడు నా ప్రాణమైన రెండు చూపుల దగ్గరికొచ్చాను. పక్క చూపు, పై చూపు.

ఒకనాడు మావాడు వరసగా లూప్‌లు తిప్పాడు. పదిన్నర దాటింది. తూర్పునుంచి సముద్రపు గాలి లేచింది. బందరు గాలి ఇంతింతగా రాదు, వస్తే ఒక్క ఊపున వస్తుంది. వీపు తూర్పుకు పెట్టి పడమటికి తిరిగి ఎగరేస్తున్నాడు, ఎండ కంట్లో పడకుండా. దిగాక రేకుల షెడ్డు నీడలో ల్యాప్‌టాప్ తెరిచాడు. నేల మీది చూపు పెట్టాడు. లూప్‌లు ఒకదాని వెనక ఒకటి, గుండ్రంగా, నిండుగా.

"చూశావా మావయ్యా, ఎంత గుండ్రంగా వచ్చాయో! రేపు పోటీలో ఇలాగే పడితే చాలు."

"పక్కనుంచి చూపించరా."

కెమెరాను గది కొసకు తీసుకెళ్లి నిలబెట్టాడు, పడమటా తూర్పూ రెండూ తెర మీద అటూ ఇటూ వచ్చేట్టు. ఒకే గీతలా నిట్టనిలువుగా కనపడాల్సిన లూప్ వాలిపోయి ఉంది. మొదలుపెట్టిన చోటికీ ముగిసిన చోటికీ మధ్య ఎడం. ఆ పక్కన రెండోది ఇంకా దూరంగా, మూడోది ఇంకా. గాలి ప్రతి లూప్‌నూ పైలట్ నుంచి ఆవలికి నెడుతూ పోయింది. తర్వాత పైనుంచి పెట్టాడు. 150 మీటర్ల దగ్గర గీసిన గీత మీద మొదలైన రిబ్బన్, మెల్లగా, ఎవరో చెయ్యిపట్టి తీసుకుపోయినట్టు, 175 గీత దాటేసింది. నేల మీద నిలబడ్డ కంటికి ఆ ముప్పై మీటర్ల జరుగుడు ఏమీ అనిపించలేదు. ఎదురుగా ఉన్నది ఎంత దూరం జరిగిందో చెప్పడం మనిషి కంటికి చేతకాదు. ఆకారం కొంచెం చిన్నదవుతుంది, అంతే.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎడం రెక్క ఒక్క పిసరు గాలికి అడ్డం పెట్టాల్సింది మావయ్యా. పైకెక్కేటప్పుడే," అన్నాడు. నేను చెప్పలేదు, ఆ చూపే చెప్పింది.

మొవ్వ పక్కన కూచిపూడిలో నాట్యం నేర్పే గురువు ఎదురుగా కూచుని తాళం వేస్తాడు. పిల్ల అరమండి ఎదురునుంచి చక్కగానే ఉంటుంది. అయినా ఆయన లేస్తాడు. చుట్టూ ఒక్కసారి తిరిగొస్తాడు. నడుము వెనక్కి పోయిందో, మెడ ముందుకు వాలిందో పక్కనుంచే తెలుస్తుంది. చూసేవాళ్లు కూచునేది ఎదురుగానే. దిద్దేవాడు మాత్రం చుట్టూ తిరగాలి. ఓ పక్క చూపా, నీవు ఆ గురువు వేసిన చుట్టువి. నీకు రెండు చేతులా దణ్ణం.

పై చూపు సంగతి ఇంకా గొప్పది. కొండలేని మా సీమలో అది తీరని కోరికగా చాలా కాలం ఉండిపోయింది. ఘంటసాలలో బౌద్ధుల మహాచైత్యం పునాదులు చూడండి. మధ్యలో చతురస్రం, దాని నుంచి చుట్టూ విచ్చుకున్న గోడలు, బయట వృత్తం. ఇటుకలతో వేసిన చక్రం అది. కట్టిన రోజుల్లో దాన్ని పైనుంచి చూసినవాడు ఎవడూ లేడు, కట్టాక మట్టి కప్పి అండం లేపేశారు కూడా. అయినా చక్రంగానే వేశారు. పైనుంచి చూసే కన్ను ఒకటి ఉంటుందని నమ్మినవాళ్లు తప్ప అలా వేయరు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి దివిసీమను రెండు చేతులా పొదువుకుని సముద్రంలోకి పోతుందని బడిలో చదివాం. ఆ పొదువుకోవడాన్ని కంటితో చూసింది ఉపగ్రహ చిత్రాలొచ్చాకే. హంసలదీవి దగ్గర ఒండ్రు ఎలా సముద్రంలోకి వేళ్లు చాచిందో, మడ అడవుల ముదురాకుపచ్చ ఎక్కడ ఆగిందో, అన్నీ అప్పుడే. తరతరాలుగా ఇక్కడే పుట్టి ఇక్కడే పోయిన మా పెద్దలు తమ ఊరి ఆకారం తెలియకుండానే పోయారు.

తెలియకపోవడం ఒక్కోసారి ప్రాణాల మీదికి వచ్చింది. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెన దాదాపు 30,000 మందిని తీసుకుపోయిందంటారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి నీటి గోడ వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి. పదివేల మందికి పైగా పోయారు. ఎంత దూరంలో ఉందో, ఎంత ఎత్తున వస్తోందో చూద్దామంటే ఎక్కడానికి కొండ లేదు. చేతికందిన చెట్టెక్కారు. ఆ సంగతులు చెప్పే ముసలివాళ్లు ఇప్పటికీ మధ్యలో ఆగి తూర్పువైపు చూస్తారు. ఆ తర్వాతే బందరులో తుపాన్లను కనిపెట్టే రాడార్ వెలిసింది. ఇప్పుడున్నది డాప్లర్ రాడార్. అది మబ్బును రెండు రకాలుగా చూపిస్తుంది. చుట్టూ తిరిగి, పైనుంచి చూసినట్టు ఒక పటం. నిలువునా కోసి, పక్కనుంచి చూసినట్టు ఇంకొకటి. తుపాను కన్ను ఎటు జరుగుతోందో మొదటిది చెబుతుంది, మేఘం ఎంత ఎత్తుకు లేచిందో రెండోది చెబుతుంది. రేకుల షెడ్డు కింద మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో ఉన్నవి ఆ రెండు చూపులే. ఒకటి ప్రాణాలు కాస్తుంది, ఇంకొకటి ఒక కుర్రాడి చేతిని దిద్దుతుంది. పుట్టిన అక్కర మాత్రం ఒక్కటే. నిలబడ్డ చోటునుంచి కనపడనిది చూడాలి.

బందరుకు కళ్లు చేసే విద్య కొత్తది కాదు. 1926లోనే ఇక్కడ ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టింది. కటకాలు సానబట్టారు, శాస్త్ర పరికరాలు చేశారు. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. చీకట్లో చూసే పరికరాలు బందరునుంచి సరిహద్దులకు పోతాయి. ఇప్పుడు నిమ్మలూరులో కొత్త కర్మాగారమూ వచ్చింది. గాజుముక్కను సానరాయి మీద గంటలకొద్దీ తిప్పి తిప్పి, వెలుగు వంగాల్సిన చోట వంగేట్టు చేసిన ఆ చేతులను తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. నాగాయలంక అవతల గుల్లలమోదలో క్షిపణుల పరీక్షా కేంద్రం తలపెట్టారు. క్షిపణి పరీక్ష అంటే దాన్ని వదలడం ఒక్కటే అయితే అంత పని లేదు. రాడార్లూ, వెంటాడే దూరదర్శినులూ వేరువేరు చోట్లనుంచి ఏకకాలంలో చూసి ఆ దారిని పట్టుకోవాలి. ఎగిరినదాన్ని అనేక కళ్లతో చూడడం మా తీరానికి రాసిపెట్టి ఉన్నట్టుంది.

మనుషులెక్కే విమానాల దగ్గరికి వస్తే ఈ కళ్ల విలువ వేరు. జహీరాబాద్ దాటితే బీదర్. 1996లో మొదలైన వాయుసేన సూర్యకిరణ్ బృందం అక్కడిదే. తొలి రోజుల్లో కిరణ్ విమానాలు, ఇప్పుడు హాక్‌లు. తొమ్మిది విమానాలు కొద్ది మీటర్ల ఎడంతో ఒక్క పక్షిలా తిరగబడతాయి. వరసలో ఉన్న పైలట్ నాయకుడి విమానాన్నో, పక్క రెక్కనో చూస్తూ దాన్నే పట్టుకుని పోతాడు. నాయకుడు ముందుకు చూస్తాడు. అంటే కింద లక్షమంది చూసి మురిసిపోయే ఆ వజ్రాకారం అందులో ఉన్న తొమ్మిదిమందిలో ఒక్కరికీ కనపడదు! దిగాక నేలనుంచి తీసిన వీడియో ముందు కూచుంటేనే తాము ఏం గీశారో తమకు తెలుస్తుంది. ఏ దేశపు విన్యాస బృందమైనా ఎగిరినంత శ్రద్ధగానూ ఆ చూసుకోవడం చేస్తుంది. ఒక రెక్క అరమీటరు వెనకబడిందా, ఒక మలుపు అర సెకను ఆలస్యమైందా, హోదా చూడకుండా చెప్పుకుంటారు.

2010 మార్చి 3న బేగంపేటలో విమానయాన ప్రదర్శన జరుగుతుండగా నౌకాదళపు సాగర్ పవన్ బృందంలోని కిరణ్ విమానం కూలింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. విన్యాసం ఎంత సన్నని అంచు మీద నడుస్తుందో ఆ రోజు హైదరాబాద్ కళ్లారా చూసింది. తిప్పి చూసుకోవడం ఆటలో మార్కుల కోసం మొదలైనా, పెద్ద విమానాల దగ్గర అది ప్రాణాల లెక్క. కుర్రాళ్లు చిన్న విమానంతో, నెర్రెలిచ్చిన చేలో, ఎవరికీ దెబ్బ తగలని చోట ఆ అలవాటు నేర్చుకుంటున్నారంటే నాకు కొండంత ధైర్యం.

చివరగా స్వేచ్ఛగా తిరిగే కన్ను. మౌస్ పట్టి ఎటు లాగితే అటు పోతుంది. దానికి స్థానం లేదు, దానికి అలుపు లేదు, కాలమూ దాని చేతిలోనే. కింద ఒక పట్టీ ఉంటుంది, దాన్ని వెనక్కి జరిపితే విమానం వెనక్కి పోతుంది, ఆపితే ఆగుతుంది. స్టాల్ టర్న్‌ను అలా ఆపి చూడాలి. విమానం నిట్టనిలువుగా ఎక్కుతుంది, వేగం తగ్గుతుంది, ఇంకా తగ్గుతుంది, ఇక పడిపోవాల్సిన ఘడియలో రడ్డర్ తన్నగానే ముక్కు పక్కకు దొర్లి నేలకేసి తిరుగుతుంది. రెక్క బారులో సగానికి మించని చోటులో తిరగాలి. ఆ నిలిచిన క్షణంలో గాలి తోస్తే అది తప్పు కాదని నిబంధనే ఒప్పుకుంది. ఎగరని విమానానికి గాలి మీద ఏం పట్టుంటుంది! ఆ నిబంధన రాసినవాళ్లు ఎవరో గానీ గాలిని ఎరిగినవాళ్లు. ఆ క్షణాన్ని ఆపి, కెమెరాను కింద పెట్టి, పైకి చూస్తాను. పక్కకు తెచ్చి చూస్తాను. రెక్క కొస దగ్గరికి పోయి చూస్తాను. బయట అది రెప్పపాటు కూడా ఉండదు. ఇక్కడ నా ఇష్టమైనంత సేపు ఉంటుంది.

ఓ తిరిగే కన్నా, నీకో చిన్న హెచ్చరిక కూడా చెప్పి పొగుడుతాను. నీవు చూపేది ఆ పెట్టె రాసుకున్నదే. ఉపగ్రహాల లెక్క ఒక్కోసారి రెండు మూడు మీటర్లు తప్పుతుంది, ఎత్తులో ఇంకొంచెం. దిగిన విమానం నేలకు మీటరు కింద నిలబడ్డట్టు చూపిన రోజులున్నాయి. అందుకే మావాడు లాగ్‌తో పాటు మేకు పక్కన మామూలు వీడియో కెమెరా కూడా పెట్టి, రెండూ పక్కపక్కన ఆడించి చూస్తాడు. అంకెలు చెప్పినదానికి బొమ్మ సాక్షి, బొమ్మలో దాగినదానికి అంకెలు సాక్షి. నీవు గొప్పదానివే, అయినా ఒంటరిదానివి కావు, కాకూడదు.

ఆవేళ లూప్‌లు అయ్యాక స్పిన్ మిగిలింది. అది నిజంగా స్పినేనా, స్పిన్‌లా కనిపించే స్పైరల్ డైవా అని మా ఇద్దరికీ అనుమానం. నేలనుంచి చూసి తేల్చుకోలేకపోయాం. స్పిన్ అయితే రెక్క గాలి మీద పట్టు వదిలేసి, గిర్రున తిరుగుతూ నిలువునా పడాలి. స్పైరల్ డైవ్ అయితే ఎగురుతూనే చుట్లు తిరుగుతూ దిగుతుంది. పోటీలో మొదటిదానికి మార్కులుంటాయి, రెండోదానికి సున్నా.

"పైనుంచి పెట్టరా అబ్బాయ్."

పెట్టాడు. చుట్లు విచ్చుకోలేదు, రిబ్బన్ అంతా ఒక్క చోటే ముద్దకట్టింది.

"పక్కకు తే. ముక్కెటుంది, దారెటుంది?"

దారి నేలకు తిన్నగా ఉంది. ముక్కు దానితో కలవకుండా పక్కకు ఒరిగి తిరుగుతోంది. పట్టీని వెనక్కి జరిపి, స్పిన్ మొదలైన చోట ఆపి, వెనకనుంచి ఇంకోసారి చూశాం. ముందు ముక్కు వాలింది, ఆ వెంటనే ఎడం రెక్క పడింది.

"స్పినేరా ఇది," అన్నాను. వాడు అప్పటికే తరవాతి విన్యాసం దగ్గరికి పట్టీ జరిపేశాడు.